జలాల్ టెంట్ హౌస్ సురక్షితం కాదు

అత్వెల్లి,
నవంబరు 3, సోమవారం.

సుచిత్రలో ఉంటున్న మా దానియేలు బిడ్డ రేచల్‌కు, జలాల్ చాచా దువా.

మేమిక్కడ బాగున్నాం. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను. నిజానికి బాగోలేను, మస్తు పరేషాన్‌గా ఉన్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వకు. ముప్పై ఎనిమిదేళ్లు బ్యాండు మేళాల పక్కన నిలబడి టెంట్లు కట్టించినవాణ్ణి. నా కుడి చెవికి ఫోన్ వినపడదు. ఎడమ చెవికి వినపడుతుంది గానీ, నువ్వు చెప్పే కంప్యూటరు మాటలు దానికి అర్థం కావు. మన ట్రాలీ ఆటో నడిపే ఇస్తారి రోజూ సుచిత్ర దాకా వస్తాడు. ఉత్తరం వాడి చేతికిస్తున్నాను. జవాబు కూడా వాడికే ఇవ్వు.

పోయిన ఏడు నువ్వు మన టెంట్ హౌస్‌కు వెబ్‌సైట్ చేసిచ్చావు కదా, గొడవంతా దానితోనే వచ్చింది. నిన్న గౌడవెల్లి నుంచి ఎలీషమ్మ వచ్చింది. వాళ్ల చర్చికి యాభై ఏళ్లు నిండుతున్నాయి, ఫిబ్రవరిలో మూడు రోజులు సభలు పెడుతున్నారు. అక్కడి స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. టెంటు ఎవరికివ్వాలన్నా ఆమె మాటే చెల్లుతుంది. చాయ్ తాగింది, కప్పు కింద పెట్టింది, ఫోన్ తీసి నా ముందుకు చాపింది.

“జలాలన్నా, మీ టెంట్ల గురించి మీరే గిట్ల రాసుకున్నరేంది?”

“ఏం రాసుకున్న?”

“సురక్షితం కాదు అని ఉన్నది,” అని చదివి వినిపించింది. “పైన, మీ పేరు పక్కనే. శామీర్‌పేట జోగారావు టెంట్ హౌస్ చూస్తే తాళం బొమ్మ వస్తాంది. వెయ్యి మంది కూసునే పందిరి అన్నా. జిమ్మేదారి నాది. ఏమన్నైతే ఎట్ల?”

ముప్పై ఎనిమిదేళ్లలో నా టెంటు ఒక్కటి కూలలేదు. మేడ్చల్‌లో వడగళ్ల వాన పడ్డప్పుడు పెళ్లివారింటి రేకులు ఎగిరిపోయాయి గానీ, నా షామియానా అలాగే నిలబడింది. ఆ రోజు లైట్లు కట్టింది మీ నాయినే, కావాలంటే అడుగు.

ఎలీషమ్మ కళ్లముందే గుంజ పట్టుకుని వేలాడి చూపించాను. గుంజ కదల్లేదు. నా నడుము కదిలింది. ఆమె మాత్రం “పదహారో తారీకు ఆదివారం, ప్రార్థన అయినంక కమిటీ కూసుంటది. అప్పటిలోపు చూసుకో అన్నా” అని వెళ్లిపోయింది. ఈ ఏడు పెద్ద ఆర్డర్లన్నీ జోగారావుకే పోయాయి. ఇది కూడా పోతే నేను గోదాము మూసుకోవాల్సిందే.

అందుకే ఇవాళ మేడ్చల్ వెళ్లి కొత్త తాళ్లు, ఇనుప మేకులు తెచ్చాను. ప్రతి గుంజకూ రెండేసి తాళ్లు కట్టించాను. ఇరవై ఏడు ఫొటోలు తీయించి నీ ఫోన్‌కు పంపించాను. అవి వెబ్‌సైట్‌లో పెట్టి, ఆ పాడు మాట చెరిపేసి, అక్కడ “చాలా సురక్షితం” అని పెద్ద అక్షరాలతో రాయి.

ఇట్లు,
గుంజ కంటే గట్టిగా నిలబడ్డ నీ చాచా,
జలాల్.

తా.క. టెంటు గట్టిదే, కట్టేవాడే కొంచెం వదులు అని మీ చాచీ మెహరున్నీసా అంటోంది. ఈ ముక్క రాయొద్దనే అనుకున్నాను.

*

సుచిత్ర,
నవంబరు 4.

అత్వెల్లిలోని జలాల్ చాచాకు, మెహరున్నీసా చాచీకి, రేచల్ నమస్కారాలు.

ముందు మీ నడుముకు ఏదైనా రాయించుకోండి. తర్వాత ఈ ఉత్తరం చదవండి.

చాచా, మీ టెంటును ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట వెబ్‌సైట్ గురించి. మన సైట్‌లో టెంటు బుక్ చేసుకునేవాళ్లు పేరు, ఊరు, ఫోన్ నంబరు రాస్తారు కదా. ఇప్పుడు అదంతా పోస్టుకార్డు మీద రాసినట్టు వస్తోంది. దారిలో ఎవడైనా చదువుకోవచ్చు. సైట్‌కు సెక్యూరిటీ సర్టిఫికెట్ అని ఒకటి పెడితే, అదే సమాచారం అతికించిన కవరులో పెట్టినట్టు వస్తుంది. అది లేదు కాబట్టే ఫోన్ “సురక్షితం కాదు” అని చెబుతోంది. మొదట్లోనే పెట్టాల్సింది, తర్వాత చూద్దామని వదిలేశాను. తప్పు నాది. మీ మేకులది కాదు.

ఖర్చు గురించి బెంగ వద్దు. ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ ఉంది. మూడు నెలలకోసారి దానంతట అదే కొత్తదవుతుంది. నాకు పది నిమిషాల పని. మీరు సరేనంటే చాలు. పోయినసారి మిమ్మల్ని అడక్కుండా సైట్‌కు గులాబీ రంగు వేసి తిట్లు తిన్నాను కాబట్టి, మీ మాట లేకుండా ఏదీ ముట్టుకోను.

మీ మాట కోసం చూస్తూ,
రేచల్.

తా.క. ఫొటోలు అందాయి. తాళ్లు చాలా గట్టిగా కనిపిస్తున్నాయి. పన్నెండో ఫొటోలో మాత్రం ఒక మేక ఆ తాడును నములుతోంది.

*

అత్వెల్లి,
నవంబరు 6.

చిరంజీవి రేచల్‌కు చాచా దువా.

మేకను కట్టేయించాను.

నీ ఉత్తరంలో సర్టిఫికెట్ అన్న మాట వినగానే ప్రాణం లేచి వచ్చింది. సర్టిఫికెట్లు ఎక్కడిస్తారో నాకు తెలియదా? నిన్న పొద్దున్నే మేడ్చల్ వెళ్లి తహసీల్దారు ఆఫీసులో వరుసలో నిలబడ్డాను. కిటికీ దగ్గరున్న అమ్మాయి అడిగింది.

“ఏం సర్టిఫికెట్ కావాలె పెద్దాయనా? కులందా, ఆదాయందా?”

“తాళంది.”

“తాళందా?”

“సురక్షితంది బిడ్డా. నాతోని ఎవ్వలకు భయం లేదని రాసియ్యాలె.”

ఆ అమ్మాయి మంచిది, కసురుకోలేదు. అటువంటివి పోలీసులిస్తారని చెప్పింది. స్టేషన్‌కు వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ కుర్చీ వేసి, నా మీద కేసులేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాను. “మరి ఎందుకొచ్చిన్రు?” అన్నాడు. సలాం కొట్టి వచ్చేశాను.

ఇక నీ ఉచితం సంగతి. బిడ్డా, ఫ్రీ అంటే నాకు నమ్మకం లేదు. మన గోదాములో ఫ్రీగా ఇచ్చే షామియానా ఒకటుంది. దాని కింద కూర్చుంటే పగలే చుక్కలు కనిపిస్తాయి. పైగా మూడు నెలలకోసారి మారుస్తారా? నా మీద వాళ్లకు మూడు నెలల నమ్మకమేనా?

దేవుడు పంపినట్టు ఒకాయన నిన్ననే ఫోన్ చేశాడు. సర్టిఫికెట్లు అమ్మే కంపెనీ అట. మన నంబరు వెబ్‌సైట్‌లోనే దొరికిందట. ఆయన చెప్పేది మెహరున్నీసా విని నా ఎడమ చెవిలో అరిచింది. ప్లాటినం సర్టిఫికెట్ అని ఒకటుంది, ఏడాదికి పద్దెనిమిది వేల అయిదు వందలు. దాంతోపాటు వైల్డ్ కార్డ్ కూడా ఇప్పిస్తాడట. అన్నింటికంటే ఒక మాట నాకు బాగా నచ్చింది. ఊరికే ఇవ్వరట. జలాల్ అనేవాడు నిజంగా ఉన్నాడా, టెంట్ హౌస్ నిజంగా నడుపుతున్నాడా అని విచారించి, అప్పుడు రాసిస్తారట.

రేచల్, గౌడవెల్లిలో, అత్వెల్లిలో నేను నీడ కట్టని పెళ్లి లేదు. తాత పెళ్లికీ కట్టాను, మనవడి పెళ్లికీ కట్టాను. జలాల్ నమ్మదగ్గవాడు అని ఇంతవరకు ఒక్కరూ కాగితం మీద రాసివ్వలేదు. ఒకరు రాసిస్తామంటే కాదనబుద్ధి కావట్లేదు. ఫ్రేము కట్టించి గోదాములో తగిలిస్తాను.

ఇట్లు,
ఏ కేసూ లేని నీ చాచా,
జలాల్.

తా.క. పద్దెనిమిది వేల అయిదు వందలు పెడితే నలభై కొత్త కుర్సీలు వస్తాయి. ఈ లెక్క ఎవరు చెప్పారని అడగకు.

*

సుచిత్ర,
నవంబరు 7.

జలాల్ చాచాకు రేచల్ నమస్కారాలు.

మీ ఉత్తరం నాయినకు చదివి వినిపించాను. పోలీస్ స్టేషన్ దాకా రాగానే మంచం మీద నుంచి లేచి బయటికి వెళ్లి, గోడ పట్టుకుని నవ్వి వచ్చాడు.

చాచా, నెమ్మదిగా వినండి. ఇందులో మూడు రకాలున్నాయి. ఒకటి ఉచితం. రెండోది ఏడాదికి వెయ్యి రూపాయల లోపు. మూడోది మీ ప్లాటినం. కవరు అతికించే పని మూడూ ఒకేలా చేస్తాయి. ఎలీషమ్మత్త ఫోన్‌లో చూస్తే ఏది ఏదో ఆమెకే కాదు, నాకూ తెలియదు. రెండో రకంలో ఒక లాభముంది. ఏదైనా తేడా వస్తే ఫోన్ చేసి మాట్లాడొచ్చు. మీకు ఫోన్ వినపడదు కాబట్టి ఆ లాభం మనకు లేదు. మూడోది బ్యాంకులకు, పెద్ద కంపెనీలకు. వైల్డ్ కార్డ్ అంటే, ఒకే పేరు కింద పది సైట్లు ఉన్నవాళ్లకు పనికొచ్చేది. మనకున్నది ఒక్కటే.

ఇంకో సంగతి. ప్లాటినం కొన్నా కాగితం రాదు. అది కంప్యూటర్‌లో ఉండే ఫైలు. ఫ్రేములో పట్టదు.

ఆ ఫోన్ చేసినాయన “ప్రైవేట్ కీ” పంపమని అడిగితే పంపకండి. సర్టిఫికెట్‌కు తాళంచెవి లాంటిది అది. ఎంత మంచివాడిలా మాట్లాడినా సరే, తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

ఒక్క “సరే” కోసం ఎదురుచూస్తున్న
మీ రేచల్.

తా.క. నలభై కుర్సీల లెక్క చెప్పినవాళ్లకు నా సలాములు చెప్పండి.

*

అత్వెల్లి,
నవంబరు 10.

చిరంజీవి రేచల్‌కు చాచా దువా.

నువ్వు చెప్పినట్టే తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. గోదాముకు కొత్త తాళం కొని, చెవి నేనే దాచాను. ఇస్తారి అడిగినా ఇవ్వలేదు. నిన్న శామీర్‌పేటలో గండయ్య ఇంట్లో పెళ్లి. సామాను దింపాల్సిన వేళకు ఆ చెవి ఎక్కడ దాచానో నాకే గుర్తు రాలేదు. చివరికి తాళం పగలగొట్టాం. అప్పటికే పెళ్లికొడుకు గంటసేపు ఎండలో నిలబడ్డాడు. గండయ్య “జలాల్ భాయ్, నీ గోదాము మస్తు సురక్షితంగుంది” అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియలేదు.

వైల్డ్ కార్డ్ నాకొద్దని ఆ కంపెనీ ఆయనకు గట్టిగా చెప్పాను. నేను జన్మలో పత్తాలు ముట్టలేదు. చర్చి సభలకు టెంటు వేసేవాడికి పేకముక్క అంటగడతారా?

ప్లాటినం మాత్రం ఖాయం చేసుకున్నాను. కోప్పడకు బిడ్డా. ఫ్రేములో పట్టకపోయినా పరవాలేదు, ఎవరో ఒకరు విచారించి ఉన్నాడని ఒప్పుకుంటే నాకదే చాలు. పైసలు విచారణ అయ్యాక కడితే చాలన్నారు. బుధవారం పదకొండు గంటలకు ఒక మేడమ్ ఫోన్ చేస్తుంది. నంబరు మెహరున్నీసాది ఇచ్చాను, ఆమెకు బాగా వినపడుతుంది కదా. అవును, ఇది జలాల్ టెంట్ హౌసే, ముప్పై ఎనిమిదేళ్లుగా నడుస్తోంది అని చెప్పాలని పదిసార్లు నేర్పించాను. నేను బోర్డుకు రంగు వేయించాను, జంపఖానాలన్నీ ఉతికించాను, చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. ఫోన్‌లో కనపడవని మెహరున్నీసా అంటోంది గానీ, మన జాగ్రత్తలో మనముండటం మంచిది.

ఇట్లు,
విచారణకు సిద్ధంగా ఉన్న
జలాల్.

తా.క. ఫోన్‌లో ఏం చెప్పాలో మెహరున్నీసాకు బాగా తెలుసు. నువ్వేమీ బెంగపెట్టుకోకు.

*

సుచిత్ర,
నవంబరు 13, గురువారం.

జలాల్ చాచాకు రేచల్ నమస్కారాలు.

ఎలా రాయాలో తెలియట్లేదు. సైట్ చూసుకునేది నేనే కాబట్టి, విచారణ ఫలితం ఆ కంపెనీవాళ్లు నాకు మెయిల్ చేశారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయగా ఒక మహిళ మాట్లాడారు. జలాల్ టెంట్ హౌస్ ఇదేనా అని అడగగా, ‘జలాలా? ఎవరు? మా ఊర్లె గసొంటోళ్లు లేరు’ అన్నారు. అక్కడ టెంట్ హౌస్ ఏదైనా ఉందా అని అడగగా, ‘టెంట్లెక్కడివమ్మా? మేం ఎండల్నే పెండ్లిళ్లు జేసుకుంటం’ అని పెట్టేశారు. దరఖాస్తుదారు ఉన్నట్టు రుజువు కానందున దరఖాస్తు తిరస్కరించడమైనది.”

చాచీ ఎవరో ఏదో వసూలుకు ఫోన్ చేశారనుకుని భయపడి ఉంటుంది. ఆమెను ఏమీ అనకండి. మళ్లీ దరఖాస్తు పెట్టాలంటే పదిహేను రోజులు ఆగాలట. కమిటీ కూర్చునేది ఈ ఆదివారమే. చాచా, ఇది పంతానికి పోయే సమయం కాదు. ఇస్తారిని ఇక్కడే ఆపలేను గానీ, సాయంత్రం ట్రిప్పులోనైనా ఒక్క ముక్క పంపండి. ఉచితంది వెంటనే పెట్టేస్తాను.

మీరు ఉన్నారని గట్టిగా నమ్మే
రేచల్.

తా.క. ఎండల్లో పెళ్లిళ్ల మాట విని నాయిన మళ్లీ గోడ దగ్గరికి వెళ్లాడు.

*

అత్వెల్లి,
నవంబరు 13, సాయంత్రం.

రేచల్ బిడ్డా,

సరే. ఫ్రీదే పెట్టు.

ఇట్లు,
జలాల్.

తా.క. జల్దీ.

*

సుచిత్ర,
నవంబరు 14.

జలాల్ చాచాకు రేచల్ నమస్కారాలు.

పెట్టేశాను. పది నిమిషాలనుకున్నాను, ఏడే పట్టింది. “సురక్షితం కాదు” అన్న మాట పోయింది. నాయిన ఫోన్‌లోనూ చూశాను, పక్క షాపు నడిపే శాంసన్ అన్న ఫోన్‌లోనూ చూశాను. ఆయనది పాత ఫోన్, తాళం బొమ్మే వస్తోంది. కొన్ని కొత్త ఫోన్లలో తాళం తీసేసి రెండు చిన్న గీతలు పెట్టారు. తాళం లేదని గాభరా పడి మళ్లీ మేకులు కొనకండి.

మీరు ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని అనుకోలేదు. మీ మనసు నొచ్చిందేమోనని నాకు దిగులుగా ఉంది. ఆదివారం ఏమైందో తప్పకుండా రాయండి.

మీ రేచల్.

తా.క. ఉచితంగా వచ్చింది కదా అని చూశాను. తూట్లేమీ లేవు.

*

అత్వెల్లి,
నవంబరు 17, సోమవారం.

మా రేచల్‌కు, మెహరున్నీసా చాచీ దువా.

ఈ చేతిరాత నీకు కొత్త కాదు. ఇన్ని రోజులూ నీకొచ్చిన ఉత్తరాలన్నీ రాసింది నేనే. మీ చాచా చదివింది ఉర్దూ బడిలో. తెలుగు గలగలా మాట్లాడతాడు, అక్షరాలు వచ్చు గానీ చదవడం బస్సు బోర్డుల వరకే. నేను మేడ్చల్‌లో పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. నీ జవాబులు నేనే చదివి వినిపించేదాన్ని. నీకు చెబితే నామోషీ అని ఆయన చెప్పనివ్వలేదు.

ఆయన చెప్పిన మాట ఒక్కటీ నేను మార్చలేదు. గురువారం సాయంత్రం రాసిన “సరే” తప్ప. అది ఆయన అనలేదు.

ఆ మేడమ్ ఫోన్ చేసినప్పుడు నేనేమీ భయపడలేదు బిడ్డా. తెలిసే చెప్పాను. ఫ్రీది సరిపోతుందని నువ్వు రాసింది చదివితే, “నువ్వు నీ సొంతం కలిపి చదువుతున్నవ్” అనేవాడు. నా మాట వినడు, నీ మాట నా నోటితో వస్తుంది కాబట్టి అదీ వినడు. అందుకని ఆ దరఖాస్తే లేకుండా చేశాను. కానీ నీ గురువారం ఉత్తరం చదివాక ఆయన ఏమవుతాడో ఆలోచించలేదు. గోదాములోకి వెళ్లి, చుట్టిపెట్టిన జంపఖానాల మీద కూర్చున్నాడు. చాయ్ తీసుకెళితే తాగలేదు. నేను కావాలని చేశానని అనుకోలేదు. తొందరలో తప్పు చెప్పానని అనుకున్నాడు. అది నాకు ఇంకా కష్టమైంది. నీ శుక్రవారం ఉత్తరం ఆయనకు చదివి వినిపించలేదు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని గౌడవెల్లి బయలుదేరాడు. నాకు అనుమానం వచ్చి నేనూ ట్రాలీ ఎక్కాను. ప్రార్థన అయి కమిటీ కూర్చుంది. ఈయన లేచి నిలబడి అన్నాడు.

“అక్కా, నాకు సర్టిఫికెట్ రాలే. విచారించిన్రు, లేడన్నరు. మీరు జోగారావుకే ఇయ్యుండ్రి. ఆయన టెంట్లు గూడ మంచియే.”

ఎలీషమ్మ ఫోన్ తీసి చూసింది. మళ్లీ చూసింది. “గిప్పుడు మంచిగనే ఉన్నది గదా అన్నా. ఆ మాట లేదు.”

“ఎట్ల లేదు? నేను పెట్టుమనలే.”

ఇక దాచేదేముంది? అందరి ముందే చెప్పాను. “నేను పెట్టుమన్న. నీ పేరు మీద సరే అని నేనే రాసిన. ఫోన్ల నువ్వు లేవని చెప్పింది గూడ తెలిసే చెప్పిన.”

ఆయన నా వైపు తిరిగాడు. ముప్పై మంది చూస్తున్నారు. “ఎందుకు మెహరున్?” అన్నాడు, అంతే.

“పద్దెనిమిది వేలు తీసుకోని ఎవరో ఎక్కడ్నో కూసోని జలాల్ ఉన్నడని చెప్తే నువ్వు ఉన్నట్టా? గీడ కూసున్నోళ్లను అడుగు, ఉన్నవా లేవా చెప్తరు.”

అప్పుడు ఎలీషమ్మ లేచింది. “జలాలన్నా, నా పెండ్లికి పందిరేసింది నువ్వు. నీ టెంట్ కూలుతదని నేను ఎప్పుడన్న? గీ ఫోన్ల నా నంబరు రాస్తే దొంగల పాలైతదేమోనని అడిగిన. నువ్వేమో గుంజకు వేలాడవట్టినవ్. నీ నడుము విరుగుతదని భయమై నేను లేచి పోయిన.” ముందు పాస్టరుగారు నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. చివరికి ఈయన కూడా నవ్వాడు.

ఆర్డరు మనదే. మూడు రోజులు, వెయ్యి కుర్సీలు.

ఇంటికొచ్చాక అడిగాడు. “ఇన్ని దినాలు నేను చెప్పింది చెప్పినట్టే రాసినవా?”

“రాసిన. కింద తా.క.లు మాత్రం నాయి.”

అన్నీ మళ్లీ చెప్పించుకున్నాడు. కట్టేవాడే వదులు అన్న ముక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత చాయ్ అడిగాడు. రెండు కప్పులు తెమ్మన్నాడు, ఒకటి నాకు.

కలం ఇంకోసారి తప్పుదారి పట్టించనని మాటిచ్చి,
మీ చాచీ,
మెహరున్నీసా.

తా.క. ఈ ఉత్తరం ఆయనకు మొత్తం చదివి వినిపించాను. కవరు అతికించి ఇస్తారికి ఇచ్చే పని తనదే అంటున్నాడు. ఎందుకో తెలియదు.

ఇంకో తా.క. బిడ్డా రేచల్, గీ వంకర రాత నాది. ఆమె నీల్లు పట్టబోయింది. జల్దీ రాస్తున్న. వెబ్ సైట్ ల పేరు మార్చు. మెహరున్నీసా జలాల్ టెంట్ హౌస్ అని పెట్టు. ఆమె పేరు ముందల ఉండాలె. సభల నాడు ఆమెకు ఎలీషమ్మ ఫోన్ల సూపిస్త. పేరు మారితె సర్టిఫికెట్ కొత్తది కావాల్నంటె గా ఫ్రీదే పెట్టు. దీనికి జవాబు రాయకు. వస్తె సదివేది ఆమెనే.